చిన్న డంప్ ట్రైలర్‌లో ఇసుక, కంకర తోలాలంటే పెద్ద జాకీ పెడితే సరిపోతుందా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మీ దగ్గర 12 వోల్టుల పంపుతో లేచే ఒంటి యాక్సిల్ డంప్ ట్రైలర్ ఉంది. తొట్టి లోపలి కొలత 2.4 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల ఎత్తు. ప్లేటు మీద లోడుతో కలిపి మొత్తం బరువు 2,500 కిలోలు అని ఉంది. ఖాళీ ట్రైలరే 700 కిలోలు తూగుతుంది. ఇసుక, కంకర, పగలగొట్టిన కాంక్రీటు, అప్పుడప్పుడు పశువుల ఎరువు తోలుతున్నారు. తొట్టి నిండా తడి ఇసుక పోస్తే జాకీ, అంటే ఆయిల్ ప్రెషర్‌తో తొట్టిని పైకి నెట్టే సిలిండర్, లేపలేకపోతోంది. అందుకని 63 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న జాకీ తీసేసి 80 మిల్లీమీటర్లది పెట్టి, కమాన్లకు (యాక్సిల్ దగ్గరి స్ప్రింగు పట్టీల కట్టలకు) రెండేసి పట్టీలు కలిపి, పక్కలకు ఇంకో 30 సెంటీమీటర్ల బోర్డులు బిగిద్దామనుకుంటున్నారు. రెండో యాక్సిల్ పెట్టవచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తున్నాను. జాకీ మార్చకండి. బోర్డులు పెట్టుకోండి, కానీ ఊడదీయగలిగేవి పెట్టండి, ఎరువుకీ ఎండుకొమ్మలకీ మాత్రమే వాడండి. ఇసుక, కంకర మాత్రం ఇప్పుడున్న తొట్టిలోనే సగానికి కాస్త పైదాకా పోసి ఆపేయండి. మీ ట్రైలర్‌లో లోపం లేదు. జాకీ లేపలేకపోవడం వల్లే ఆ ట్రైలర్ ఇంతకాలం నిలబడింది అనుకుంటున్నాను.

ఎందుకో లెక్కతో చూద్దాం. 2,500లోంచి 700 తీసేస్తే మీరు వేయగలిగిన సరుకు 1,800 కిలోలు. తొట్టి అంచుదాకా నిండితే 1.62 ఘనమీటర్లు. తడి ఇసుక ఘనమీటరుకు దాదాపు 1,900 కిలోలు ఉంటుంది. అంటే నిండు తొట్టిలో 3,000 కిలోల పైమాట. ట్రైలర్ బరువు కలిపితే 3,800 దగ్గరికి పోతుంది. 2,500కి తయారైన బండి మీద 1,300 కిలోలు అదనం. పైన ఇంకో 30 సెంటీమీటర్లు బోర్డులు పెట్టి అదే ఇసుక నింపితే మొత్తం 5,800 అవుతుంది. ఆ స్థితిలో జాకీ ఎంత పెద్దదైనా ఉపయోగం లేదు, ఎందుకంటే అంతకుముందే టైరో యాక్సిలో హిచ్చో (ట్రైలర్‌ని లాగే వాహనానికి తగిలించే భాగం) పోతుంది.

లేపే శక్తి వేరు, మోసే శక్తి వేరు. జాకీ లేపుతుంది. మోసేవి మాత్రం టైర్లు, రిమ్ములు, బేరింగులు, యాక్సిల్, కమాన్లు, చాసిస్, డ్రాబార్ (చాసిస్ నుంచి హిచ్ దాకా వెళ్లే ముందు కమ్మీ), హిచ్. ఆపేవి బ్రేకులు. వీటిలో అన్నిటికంటే బలహీనమైనది ఏదో దాని కెపాసిటీయే మీ ట్రైలర్ కెపాసిటీ. ఎద్దులను మార్చినంత మాత్రాన బండి ఇరుసు బలపడదు కదా, ఇదీ అంతే.

జాకీ మారిస్తే నిజంగా ఏం జరుగుతుంది?

జాకీ తోపు అంటే ఆయిల్ ప్రెషర్‌ను లోపలి వైశాల్యంతో గుణించినది. 150 బార్ ప్రెషర్ దగ్గర 63 మిల్లీమీటర్ల జాకీ దాదాపు 4.7 టన్నుల తోపు ఇస్తుంది, 80ది దాదాపు 7.7 టన్నులు. వ్యాసం చూస్తే తేడా చిన్నగా కనిపిస్తుంది కానీ తోపు 1.6 రెట్లు అవుతుంది. 4.7 టన్నుల తోపున్న జాకీ 3 టన్నుల ఇసుకను ఎందుకు లేపలేదని మీకు అనుమానం రావచ్చు. తొట్టి పడుకుని ఉన్నప్పుడు జాకీ కూడా దాదాపు పడుకునే ఉంటుంది. దాని తోపులో ఎక్కువ భాగం తొట్టిని వెనక్కి నెట్టడానికి పోతుంది, పైకి లేపడానికి మిగిలేది కొంచెమే. సరుకు బరువు కూడా ఆ క్షణంలోనే వెనక పిన్నుకి, అంటే తొట్టి తిరిగే కీలుకి, అన్నిటికంటే దూరంగా ఉంటుంది. అందుకే మొదటి పది డిగ్రీలే కష్టం, తర్వాత తొట్టి తేలిగ్గా లేస్తుంది.

ఇప్పుడు పెద్ద జాకీ పెట్టారనుకోండి. ఆ వెనక్కి నెట్టే బలం కూడా 1.6 రెట్లు కావచ్చు. అది ఎక్కడికి పోతుంది? జాకీ అడుగున ఉన్న బ్రాకెట్టు మీదకి, చాసిస్ అడ్డపట్టీ మీదకి, తొట్టి వెనక పిన్నుల మీదకి. అవి పాత జాకీకి తగ్గట్టు చేసినవి. మా షెడ్డుకి ఇలాంటి ట్రైలర్ ఒకటి వచ్చింది. జాకీ కొత్తది, మెరుస్తోంది. కింద దాని బ్రాకెట్టు అడ్డపట్టీని చీల్చుకుని బయటికొచ్చింది, వెనక పిన్ను రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయాయి. యజమాని జాకీ నాణ్యత గురించి అడిగాడు. జాకీ బాగానే ఉంది, అది తన పని తాను చేసింది.

ఇంకో చిక్కు ఆయిల్. రాడ్డు 600 మిల్లీమీటర్లు బయటికి రావడానికి 63 జాకీలో దాదాపు 1.9 లీటర్లు పడుతుంది, 80లో 3 లీటర్లు. ట్యాంకు చిన్నదైతే జాకీ పూర్తిగా లేవకముందే పంపు గాలి పీల్చడం మొదలుపెడుతుంది. లేవడానికి పట్టే సమయం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఈ చిన్న మోటర్లు ఎక్కువసేపు ఆగకుండా తిరగడానికి చేసినవి కావు, కాలిపోతాయి.

ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ని వెనక్కి వదిలేసే రిలీఫ్ వాల్వు స్క్రూ బిగించి ప్రెషర్ పెంచమని మీకు ఎవరో ఒకరు సలహా ఇస్తారు. దయచేసి వినకండి. ఆ వాల్వు పైపును, పంపును, మిమ్మల్ని కాపాడటానికి ఉంది.

న్యాయమైన లోడుకి కూడా లేవకపోతే అది వేరే సంగతి

1,800 కిలోల లోపు వేసినా లేవకపోతే రిపేరు చేయాలి, జాకీ మార్చనవసరం లేదు. అన్నిటికంటే ముందు బ్యాటరీ చూడండి. నా దగ్గరికి ‘జాకీ వీకైంది’ అని వచ్చే ట్రైలర్లలో ఎక్కువ భాగం బ్యాటరీ దగ్గరో కేబుల్ దగ్గరో తేలిపోతాయి. ఈ మోటర్లు లోడు మీద 150, 200 ఆంపియర్ల దాకా లాగుతాయి. సన్న కేబుల్, తుప్పు పట్టిన టెర్మినల్, వదులైన ఎర్త్ ఉంటే మోటరు దగ్గరికి కరెంటు అందదు. మీటరు తీసుకుని బ్యాటరీ దగ్గర కాకుండా మోటరు టెర్మినళ్ల దగ్గర, తొట్టి లేపుతుండగా వోల్టేజీ చూడండి. 10 కంటే కిందికి పడిపోతుంటే మీ జబ్బు అక్కడే ఉంది. లాగే వాహనం నుంచి సన్న వైరుతో ఛార్జింగ్ పెట్టుకుని దాని మీదే ఆధారపడేవాళ్లు చాలామంది ఉన్నారు. పనికి ముందురోజు రాత్రి విడిగా ఛార్జర్ పెట్టి బ్యాటరీ నింపుకోండి.

కరెంటు బాగుంటే పంపు దగ్గర ప్రెషర్ గేజ్ పెట్టించండి. గేజ్ రిలీఫ్ వాల్వు ప్రెషర్‌దాకా వెళ్లి కూడా తొట్టి కదలకపోతే లోడు ఎక్కువైంది, లేదా సరుకు అంతా ముందుకి చేరింది, లేదా వెనక పిన్నులు గ్రీజు లేక పట్టేశాయి. గేజ్ అసలు అక్కడిదాకా వెళ్లకపోతే పంపు అరిగింది, లేదా రిలీఫ్ వాల్వు కారుతోంది, లేదా ఆయిల్ తగ్గింది. ఊహించి సామాను మార్చే బదులు ఈ ఒక్క పరీక్ష చేస్తే చాలా ఖర్చు తగ్గుతుంది.

కమాన్లు, టైర్లు

కమాన్లకు పట్టీలు కలిపితే ట్రైలర్ కుంగడం తగ్గుతుంది. అంతే. కుంగనంత మాత్రాన బరువు తగ్గదు, ఆ బరువంతా అదే యాక్సిల్ మీద, అదే బేరింగుల మీద ఉంటుంది. పైగా కుంగడం అనేది మీకు కంటికి కనిపించే హెచ్చరిక. దాన్ని తీసేస్తే ఎక్కువ వేశామని తెలిసే ఒక దారి మూసుకుపోతుంది. గుంతల్లో కుదుపు కూడా కమాను మింగకుండా నేరుగా చాసిస్‌కి పోతుంది.

టైర్ల మీద లోడ్ ఇండెక్స్ అనే సంఖ్య ఉంటుంది, సైజు పక్కనే చిన్నగా. 100 అంటే టైరుకి 800 కిలోలు, 108 అంటే 1,000, 112 అంటే 1,120, 115 అంటే 1,215. అది కూడా ఆ టైరుకి చెప్పిన గాలి ఉన్నప్పుడు మాత్రమే. మీ 2,500 కిలోల్లో పది నుంచి పదిహేను శాతం హిచ్ మీద పడుతుంది, మిగిలిన 2,125 నుంచి 2,250 దాకా రెండు టైర్ల మీద. అంటే 112 ఇండెక్సు టైర్లు రెండూ కలిపి 2,240 మోస్తాయి కాబట్టి అంచు మీద ఉన్నట్టే. 115 ఉంటే కాస్త ఊపిరి ఉంటుంది. మీరు టైర్ల గురించి ఏమీ రాయలేదు, దయచేసి ఇవాళే వెళ్లి చూడండి. డబ్బు ఖర్చు పెట్టాలంటే జాకీకి కాకుండా ఇక్కడ పెట్టమంటాను. ఎక్కువ ఇండెక్సు టైర్లు పెట్టినా రిమ్ము కూడా ఆ బరువుకి సరిపోయేదై ఉండాలి. అలా పెట్టినంత మాత్రాన ప్లేటు మీద అంకె పెరగదు, గుర్తుంచుకోండి.

ఏ సరుకు ఎంత ఎత్తు పోయాలి

నేను అందరికీ చెప్పే పని ఒకటుంది, పెయింటు తప్ప ఖర్చు లేనిది. తొట్టి లోపల పక్కగోడల మీద గీతలు గీసుకోండి. మీ కొలతలకు తడి ఇసుక గీత 26 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. పొడి ఇసుకా కంకరా ఘనమీటరుకు 1,600 కిలోల చొప్పున చూస్తే 31 దగ్గర. పగలగొట్టిన కాంక్రీటు ముక్కల మధ్య ఖాళీలుంటాయి కాబట్టి ఘనమీటరుకు 1,400 వేసుకుని 35 దాకా పోవచ్చు, కానీ పెద్ద పలకలు ఒత్తుగా పేరిస్తే ఆ లెక్క పనికిరాదు, గట్టి కాంక్రీటు ఘనమీటరు 2,400 ఉంటుంది. సరుకు చదును చేసినప్పటి ఎత్తులివి. మధ్యలో కుప్పగా పోసి గోడ దగ్గర గీత చూస్తే మోసపోతారు.

ఎరువు దగ్గరికి వస్తే మీ బోర్డుల ఆలోచన మంచిదే. ఆరిన ఎరువు ఘనమీటరుకు 600 అనుకుంటే 75 సెంటీమీటర్ల ఎత్తుదాకా నింపినా 1,620 కిలోలే అవుతుంది. కానీ వానకి తడిసిన ఎరువు 900 దాటిపోగలదు, అప్పుడు అదే ఎత్తుకి 2,400 కిలోల పైనే. ఒక రైతు ఇలాగే బోర్డులు పెట్టించుకుని వేసవి అంతా హాయిగా తోలాడు. వానలు పడ్డాక అదే ఎత్తు నింపితే బేరింగు కాలి చక్రం పట్టేసింది. బోర్డులు ఎప్పుడూ బిగించి ఉంటే చేతులు నింపుతూనే పోతాయి. అందుకే ఊడదీయగలిగేవి చేయించమన్నాను: పక్కల్లో సాకెట్లు పెట్టి, నిలువు కర్రలు దింపి, ఇసుక రోజున తీసి ఇంట్లో పెట్టేయండి.

ఈ లెక్కలన్నీ సగటులు. మొదటిసారి గీతదాకా నింపి కాటా వేయించండి. ఖాళీ ట్రైలర్‌ని కూడా ఒకసారి తూకం వేయించండి, ప్లేటు మీద 700 అని ఉన్నా తర్వాత చేర్చిన ఇనుమంతా దానికి కలుస్తుంది. ఉదాహరణకి రాళ్ల దెబ్బకి అడుగు సొట్టలు పడుతోందని 3 మిల్లీమీటర్ల రేకు పరిస్తే మీ తొట్టికి అది 85 కిలోలు. అంత సరుకు తగ్గించుకోవాల్సిందే.

నింపడం, గుమ్మరించడం

సరుకు యాక్సిల్‌కి కాస్త ముందుకి ఉండాలి. వెనక బరువెక్కువైతే హిచ్ తేలిపోయి వేగంలో ట్రైలర్ పక్కలకు ఊగుతుంది, ఒకసారి ఊగడం మొదలైతే అదుపు చేయడం చాలా కష్టం. మరీ ముందుకి చేర్చితే లాగే వాహనం వెనక కుంగుతుంది, జాకీకీ కష్టం. పెద్ద రాళ్లు వేసేటప్పుడు ముందు ఒక వరస ఇసుకో మట్టో పరిచి దాని మీద దించండి.

తొట్టి లేపేటప్పుడు నేల చదునుగా, గట్టిగా ఉండాలి. నేను ఈ విషయంలో అసలు రాజీపడను. తొట్టి లేచాక బరువు చాలా ఎత్తుకి పోతుంది. ఒక చక్రం మెత్తటి మట్టిలో కొద్దిగా దిగినా, ఒక టైరులో గాలి తక్కువున్నా ట్రైలర్ పక్కకి ఒరిగిపోతుంది. తడి బంకమట్టి ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఒక పక్క జారిపోయి రెండో పక్క అంటుకుని ఉండిపోతుంది. అలా కనిపిస్తే ఇంకా పైకి లేపకండి. తొట్టి దించేసి, అంటుకున్నది పారతో వదులు చేసి మళ్లీ లేపండి. ముందుకి నడిపి సడెన్ బ్రేకు కొట్టి మట్టిని రాల్చడం చాలామందికి అలవాటు, పిన్నులు విరిగేది దానివల్లే.

ఒంటి యాక్సిల్ ట్రైలర్‌ని వాహనం నుంచి విప్పి ఎప్పుడూ గుమ్మరించకండి. సరుకు వెనక్కి జారగానే బరువు యాక్సిల్ వెనక్కి పోయి డ్రాబార్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. తగిలించి ఉన్నా ఆ లాగుడు హిచ్ మీద పడుతుంది. వెనక రెండు మూలలా దించే స్టాండు జాకీలు పెట్టించుకుంటే ఇది చాలావరకు తగ్గుతుంది. పైన కరెంటు తీగలున్నాయేమో ప్రతిసారీ తలెత్తి చూడండి. తొట్టి పైకి ఉండగా వాహనం కదపకండి.

లేచిన తొట్టి కిందకి తల, చెయ్యి పెట్టే ముందు ఇనుప ఊతం పెట్టాలి. జాకీ మీద నమ్మకంతో వెళ్లకూడదు. పైపు పగిలితే తొట్టి క్షణంలో కిందకి వస్తుంది. ఊతం ట్రైలర్‌కే కీలుతో బిగించి ఉండేలా చేయించండి, విడిగా ఉంటే అవసరానికి దొరకదు. జాకీ మూతి దగ్గర పైపు పగిలినప్పుడు ఆయిల్‌ని ఆపే వాల్వు దొరుకుతుంది, అది కూడా వేయించండి. ఆయిల్ ఎక్కడ కారుతోందో వేళ్లతో తడిమి వెతకకండి. సూది మొనంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరుతుంది. పైకి చిన్న గాటులా కనిపించినా అది వెంటనే ఆసుపత్రికి పోవాల్సిన గాయం. అట్టముక్క పట్టి చూడండి.

వెల్డింగు చేయించేటప్పుడు

బోర్డు సాకెట్లకీ స్టాండు జాకీలకీ వెల్డింగు తప్పదు కాబట్టి ఇది చెప్పాలి. చాసిస్ మెయిన్ పట్టీల కింది అంచుకి అడ్డంగా వెల్డింగు వేయనివ్వకండి. లోడు పడ్డప్పుడు సాగే భాగం అదే, పగులు వెల్డింగు చివర మొదలై పైకి పాకుతుంది. నిలువు భాగం మీద వేయించండి, లేదా బోల్టులతో బిగించండి. యాక్సిల్ గొట్టం మీద అసలు వెల్డింగు వద్దు. మొదలుపెట్టే ముందు బ్యాటరీ కేబుళ్లు విప్పండి. ఎర్త్ క్లాంపు వెల్డింగు చేసే చోటికి పక్కనే పెట్టించండి, లేకపోతే కరెంటు చక్రం బేరింగు గుండా పోయి లోపల మచ్చలు పడతాయి. జాకీ రాడ్డుకి తడిగుడ్డ చుట్టండి. ఒక్క నిప్పురవ్వ అంటుకున్నా అది సీలుని కోసేస్తుంది.

బ్రేకుల సంగతి తక్కువే చెప్తాను: ట్రైలర్‌కి సొంత బ్రేకులు లేకపోతే ఈ చర్చ అంతా పక్కన పెట్టి ముందు అవి పెట్టించండి. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లు అవుతుంది. లోడుతో మెల్లగా పోవడమే పెద్ద బ్రేకు. దిగుడు మీద గేరులోనే దించండి. చక్రాలు విప్పి బిగించినప్పుడు కాస్త దూరం నడిపాక నట్లు మళ్లీ బిగించాలి. దారిలో ఆగినప్పుడు హబ్బుల దగ్గరికి చెయ్యి తీసుకెళ్లి చూడండి. రెండో పక్క కంటే ఒకటి బాగా వేడిగా ఉంటే ఆ బేరింగు విప్పి చూడాల్సిందే.

రెండో యాక్సిల్ మాట

మీరు అనుకున్న మార్పుల్లో మోసే శక్తిని నిజంగా పెంచగలిగేది ఇదొక్కటే. అయినా మీకు వద్దంటాను. రెండో యాక్సిల్ పెట్టాలంటే ఇప్పుడున్న దాన్ని ముందుకి జరపాలి, రెండు కమాన్ల మధ్య బరువు పంచే ఈక్వలైజర్ పెట్టాలి, అది లేకపోతే గుంతలో ప్రతిసారీ ఒకే యాక్సిల్ మొత్తం మోస్తుంది. బ్రేకులు నాలుగు చక్రాలకూ కావాలి. ఇవన్నీ చేసినా చాసిస్ పట్టీలు, డ్రాబార్, హిచ్ 2,500కి చేసినవే. వాటినీ మారిస్తే మిగిలేది పాత తొట్టి ఒక్కటే, పైగా ఆ బరువుకి ఎవరూ పరీక్షించి ప్లేటు ఇవ్వని బండి తయారవుతుంది. దాని బరువుని మీ వాహనం లాగగలదా అనేది ఇంకో ప్రశ్న. నెలలో ఎక్కువ రోజులు ఇసుక తోలే పనే ఉంటే దీన్ని అమ్మేసి, తయారీలోనే రెండు యాక్సిళ్లున్న ట్రైలర్ తీసుకోండి. అప్పుడప్పుడైతే రెండు ట్రిప్పులు వేయండి.

టైరు లోడ్ ఇండెక్సు, యాక్సిల్ మీద ఉన్న ప్లేటు అంకె, హిచ్ మీద రాసి ఉన్న బరువు, మీ వాహనం ఎంత లాగవచ్చో దాని పుస్తకంలో ఉన్న అంకె, ఈ నాలుగూ ఇక్కడ రాయండి. గీతలు ఎక్కడ గీయాలో మీ సరుకులన్నిటికీ లెక్క వేసి చెప్తాను.